కత్తిసాముకు గురువెవరు?

మొన్న సంక్రాంతికి మా అక్కయ్యగారి ఊరు వెళ్ళాను. తణుకులో బస్సెక్కి, ఆకివీడు దాటి కొల్లేటి దిక్కుగా కొంచెం దూరం పోతే అటూ ఇటూ అన్నీ చేపల చెరువులే. మా బావగారికి కూడా రెండు చెరువులున్నాయి. భోగినాటి ఉదయం అరుగుమీద కూర్చుని కాఫీ తాగుతూండగా మా మేనకోడలు వచ్చి పక్కన చతికిలబడింది. తొమ్మిదో తరగతి చదువుతోంది.

"మావయ్యా! నేను ఫెన్సింగు నేర్చుకొంటాను. నువ్వయినా నాన్నతో చెప్పు" అన్నది.

మా బావగారు పేపరు దించి, "బంగారుతల్లివి! చెరువుగట్టు చుట్టూ ఫెన్సింగు వేయిద్దామని రెండు నెలలుగా మనిషి కోసం తిరుగుతున్నాను. ఒక్కడూ దొరకటం లేదు. నువ్వు నేర్చుకొంటే ఆ కూలిడబ్బులు ఇంట్లోనే వుంటాయి" అన్నారు.

ఇంటిల్లిపాదీ ఘొల్లున నవ్వారు. పిల్ల ముఖం చిన్నబుచ్చుకొన్నది.

"ముళ్ళకంచె కాదు నాన్నా! కత్తి ఆట. భవానీదేవి ఆడుతుందే, అది!"

"కత్తేమిటే?" అంటూ వంటింట్లోంచి మా అక్కయ్య గరిటెతో సహా వచ్చింది. సంక్రాంతి రోజుల్లో మా ప్రాంతంలో కత్తి అనే మాట వినబడితే ఎవరి మనస్సయినా కోడిపందెం బరిమీదికే పోతుంది. ఆడపిల్ల నోట ఆ మాట వచ్చేసరికి ఆవిడ గాభరా పడింది.

"ఏమోయ్ బావా, తెలుగు పంతులువి గదా! ఇంతకీ ఈ ఆటను మన భాషలో ఏమంటారో చెప్పు. నేర్పేదీ మానేదీ తరవాత చూద్దాం" అన్నారు బావగారు.

పండగపూట అప్పటికి ఏదో చెప్పి తప్పించుకొన్నాను. కాని ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దాన్ని పట్టుకొని వెళ్ళిన కొద్దీ కత్తి వెనక్కు పోయి, దాన్ని పట్టుకోవటం నేర్పే మనిషి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ కథే ఇది.

ఆట పేరే బడి పేరు

తెలుగులో దీన్ని కత్తిసాము అంటాం. 'సాము' అనేది 'శ్రమ' అనే సంస్కృతపదానికి వికృతి అని నిఘంటువులు చెబుతాయి. అంటే మనవాళ్ళు ఆయుధాన్ని తిప్పటంలో మొదట చూసింది శౌర్యం కాదు, ఒళ్ళు వంచటం! సాముతో జంటగా వచ్చే మరొక మాట గరిడి. ఇప్పుడు 'సాము గరిడీలు' అని కలిపి వాడేస్తున్నాం గాని, గరిడి అంటే సాము నేర్పే చోటు. మైసూరు వైపు కుస్తీ నేర్పే ఇళ్ళను నేటికీ 'గరడి మనె' అంటారు. 'మనె' అంటే కన్నడంలో ఇల్లు.

ఇక మా గోదావరి అవతల, కోనసీమలో చూడండి. అమలాపురంలో దసరా వచ్చిందంటే 'చెడీ తాలింఖానా' చూడటానికి జనం విరగబడతారు. వీధి వీధికీ ఒక దళం. కర్రలు తిప్పుతారు, కత్తులు తిప్పుతారు. కళ్ళకు గంతలు కట్టుకొని, మనిషి ఒంటిమీద పెట్టిన కూరగాయను ఒంటికి గాటు పడకుండా రెండు చెక్కలు చేస్తారు. పందొమ్మిదవ శతాబ్దంలో దీన్ని అక్కడ ప్రారంభించిన గురువుగా అబ్బిరెడ్డి రామదాసుగారి పేరు చెబుతారు. తరం తరవాత తరం నేర్చుకొంటూ నేటిదాకా నిలిపారు. ఈ పేరుకు అర్థమేమిటి? 'చెడీ' అంటే కర్ర. 'తాలీం' అంటే శిక్షణ. 'ఖానా' అంటే ఇల్లు. వెరసి ఇదీ ఒక బడే!

ఐరోపాలో ఫెన్సింగు నేర్పే చోటును ఫ్రెంచివాళ్ళు 'సాల్ దార్మ్' అంటారు. అంటే ఆయుధశాల. అక్కడి క్రీడాకారుడు తాను ఫలానా 'సాల్' వాణ్ణని చెప్పుకొంటాడు, మన సంగీత విద్వాంసుడు ఫలానా గురువుగారి శిష్యుణ్ణని చెప్పుకొన్నట్టు. చూశారా! మూడు దేశాల మాటలు మూడు దారుల్లో వచ్చినా, చివరకు ఒక పాఠశాల గుమ్మం ముందే ఆగినై.

మా తణుకులో నన్నయగారు యజ్ఞం చేశారని పెద్దలు చెప్పుకొంటారు. ఆయన తెనిగించిన ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం కాలేజీలో పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలందరూ అర్జునుడివైపో, కర్ణుడివైపో చేరిపోతారు. ద్రోణుడిని ఎవరూ పట్టించుకోరు. రంగస్థలం కట్టించిందీ, శిష్యులను తయారుచేసి రాజుగారి ముందు నిలబెట్టిందీ ఆయనే గదా! నేటి భాషలో చెప్పాలంటే కోచ్ ఆయనే.

పోరు ఆటగా మారిన వైనం

మన కత్తిసాము ప్రదర్శనగా నిలిచిపోయింది. ఐరోపాలో అది పోటీగా మారింది. రెంటికీ తేడా వున్నది. ప్రదర్శనలో ఎదుటివాడు మనకు సాయపడతాడు. పోటీలో ఎదుటివాడు మనను బోల్తా కొట్టించటానికే వుంటాడు. మన జానపద చిత్రాల్లో 'కత్తి కాంతారావు' గారి కత్తియుద్ధాలు చూసి చప్పట్లు కొట్టిన పెద్దలు ఇప్పటికీ వున్నారు. అక్కడ ఏ దెబ్బ ఎక్కడ పడాలో ముందే నిర్ణయమై వుంటుంది. ఫెన్సింగులో అది ఆడే ఇద్దరికీ తెలియదు.

1896లో ఏథెన్సులో మొదటి ఆధునిక ఒలింపిక్సు జరిగినప్పుడే ఫెన్సింగు వున్నది. ఆనాటినుంచి ఒక్క ఒలింపిక్సులోనూ అది మానలేదు. ఆ మొదటి పోటీల్లో ఒక విచిత్రం జరిగింది. డబ్బు తీసుకొని ఆడేవారికి ఆనాడు ఒలింపిక్సులో చోటు లేదు. అయినా ఫెన్సింగు నేర్పే గురువులకు మాత్రం ప్రత్యేకంగా ఒక పోటీ పెట్టారు. పాల్గొన్నది ఇద్దరే. గ్రీకు గురువు లియోనిదాస్ పిర్గోస్, ఫ్రెంచి గురువు పెర్రోనేను ఓడించాడు. ఆధునిక ఒలింపిక్సులో గ్రీసుదేశానికి మొదటి విజేత ఈ పంతులే! ఏ ఆటలోనైనా గురువుకు ఇంతకంటె గౌరవం జరిగిందా?

1913లో అంతర్జాతీయ ఫెన్సింగు సమాఖ్య ఏర్పడింది. ఇప్పుడు ఆట మూడు రకాల కత్తులతో జరుగుతున్నది. మొదటిది ఫాయిల్. దీని మొనతో మొండెం మీద మాత్రమే తాకాలి. రెండవది ఎపే. ఇది కాస్త బరువైనది, 770 గ్రాములు మించరాదు. దీనితో తలనుంచి కాలివేలి దాకా ఎక్కడ తాకినా లెక్కే. మూడవది సేబర్. గుర్రపురౌతుల కత్తికి వారసురాలు. మొనతోనే కాదు, అంచుతో కూడా కొట్టవచ్చు. కాని దెబ్బ నడుముకు పైన పడాలి. ఫాయిల్, సేబర్ కత్తులు అర కిలోకు మించవు.

ఆడే చోటు పద్నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్లకు మించని వెడల్పు. మన ఇంటి అరుగును కొంచెం సాగదీసినట్టుంటుంది. ముందుకు రావచ్చు, వెనక్కు పోవచ్చు. పక్కకు తప్పుకోవటానికి మాత్రం చోటు లేదు. నాకౌట్ పోటీలో ముందుగా పదిహేను సార్లు తాకినవారిది గెలుపు. దెబ్బ తగిలిందీ లేనిదీ కంటితో చూసి చెప్పటం కష్టం కనుక విద్యుద్దీపాలు వచ్చాయి. ఒలింపిక్సులో 1936లో ఎపేకు, 1956లో ఫాయిల్‌కు, 1992లో సేబర్‌కు వీటిని వాడారు.

తల్లులకు వుండే భయం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1982లో రోము నగరంలో జరిగిన ప్రపంచ పోటీల్లో సోవియట్ యోధుడు వ్లదిమీర్ స్మిర్నోవ్, ఎదుటివాని కత్తి విరిగి ముసుగులోంచి దూసుకుపోగా ప్రాణం కోల్పోయాడు. ఆ దుర్ఘటన తరవాత ముసుగులు, దుస్తులు, కత్తుల ఉక్కు అన్నిటి కట్టుదిట్టాలు మారిపోయాయి. నేడు పద్ధతిగా, సరయిన దుస్తులతో, గురువు కళ్ళముందు ఆడే పిల్లకు పెద్ద ప్రమాదాలు అరుదు. ఈ మాటలో బరువంతా 'గురువు కళ్ళముందు' అన్నదానిమీదే వున్నది.

వెదురుకర్రతో మొదలు

ఇప్పుడు మా మేనకోడలు చెప్పిన భవానీదేవి సంగతికి వద్దాం. ఆమె పుట్టింది 1993లో, మద్రాసులో. కాని తల్లిదండ్రులు తెలుగువారు. వాళ్ళది అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని సామర్లకోట. అంటే గోదావరి దాటితే మా పొరుగువారే. తండ్రి గుడి పూజారి. తల్లి రమణిగారు ఇల్లు చూసుకొనే ఇల్లాలు. కత్తికీ ఆ ఇంటికీ ఏ సంబంధమూ లేదు.

2004లో ఆమె చదివే బడిలో ఆటలకు పేర్లు ఇమ్మన్నారు. ఈ అమ్మాయి వంతు వచ్చేసరికి మిగతా ఆటలన్నీ నిండిపోయాయి. మిగిలినది ఫెన్సింగు. సరేనన్నది. ఆ సంవత్సరమే ఒలింపిక్సులో ఆడవాళ్ళకు సేబర్ పోటీ మొదటిసారి పెట్టారు. ఆ సేబరే ఈమె చేతికి వచ్చింది. అయితే అసలు కత్తులు ఖరీదు. విరిగితే మళ్ళీ కొనే శక్తి లేదు. అందుచేత పిల్లలు వెదురుకర్రలతో సాధన చేసేవారు. అసలు కత్తిని పోటీలకు దాచుకొనేవారు. కూతురి ఆట కోసం తల్లి నగలు కుదువపెట్టింది.

పద్నాలుగో యేట టర్కీలో మొదటి అంతర్జాతీయ పోటీకి వెళ్ళింది. మూడు నిమిషాలు ఆలస్యంగా చేరిందని నల్ల కార్డు చూపి పోటీనుంచి బయటకు పంపారు. కత్తి దూయకముందే ఆట అయిపోయింది! మరొకరయితే అక్కడితో మానేసేవారేమో. పదో తరగతి కాగానే ఆమె కేరళలోని తలశ్శేరికి ప్రయాణమయింది. అక్కడ భారత క్రీడా ప్రాధికార సంస్థవారి శిక్షణ కేంద్రంలో సాగర్ లాగుగారు ఆమెకు గురువు.

తలశ్శేరి పేరు వినగానే నాకు మరొక గురువు గుర్తుకు వచ్చాడు. 1901లో కీలేరి కుంజిక్కణ్ణన్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు అక్కడ సర్కసు విద్య నేర్పే బడి పెట్టాడు. ఒక్క మాస్టరు మూలంగా ఆ ఊరు సర్కసువారికి పుట్టినిల్లయింది. నూరేళ్ళ తరవాత అదే ఊరికి మన తెలుగుపిల్ల కత్తి నేర్చుకోను వెళ్ళింది. ఊరి గాలిలో ఏదో వున్నదనుకోవటం తేలిక. నన్నడిగితే, వున్నది గాలి కాదు, నేర్పే అలవాటు.

అక్కడినుంచి ఇటలీలోని లివోర్నో. అక్కడ నికోలా జనొట్టి ఆమె గురువు. 2017లో ఐస్‌లండులోని రేక్యవిక్ పోటీల్లో బంగారు పతకం గెలిచింది. 2018లో కాన్‌బెర్రాలో కామన్వెల్తు విజేత అయింది. 2019లో తండ్రి పోయాడు. 2021 మార్చిలో, ఒలింపిక్సుకు అర్హత సంపాదించిన మొదటి భారతీయ ఫెన్సింగు క్రీడాకారిణిగా ఆమె పేరు పేపర్లలో వచ్చింది. ఆ జులై 26న టోక్యోలో ట్యునీషియా క్రీడాకారిణిని 15–3తో ఓడించి, తరవాతి ఆటలో ఫ్రాన్సుకు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7–15తో ఓడిపోయింది. ఓడినందుకు దేశాన్ని క్షమాపణ కోరింది! వెదురుకర్రనుంచి అక్కడిదాకా నడిచి వెళ్ళిన పిల్ల మనకు చెప్పవలసిన క్షమాపణ ఏమున్నది?

తరవాత ఆమె ఫ్రాన్సులో క్రిస్టియన్ బావెర్ అనే పేరుమోసిన గురువు దగ్గర చేరింది. 2023లో చైనాలోని వుషీ నగరంలో ఆసియా పోటీలు జరిగాయి. క్వార్టర్ ఫైనలులో జపాను యోధురాలు మిసాకి ఎమురా ఎదురుపడింది. ఎమురా అప్పటి ప్రపంచ విజేత. ఆమెను భవాని 15–10తో ఓడించింది. సెమీ ఫైనలులో ఉజ్బెకిస్తాన్ అమ్మాయి చేతిలో ఒక్క దెబ్బ తేడాతో, 14–15తో, ఓడి కాంస్యం తెచ్చింది. ఆసియా ఫెన్సింగు పోటీల్లో భారతదేశానికి అదే మొదటి పతకం. 2024 పారిస్ ఒలింపిక్సుకు మాత్రం అర్హత దక్కలేదు. అయినా దారి పడింది.

ఒక్క గురువు, ఒక ఊరు

ఆమె ప్రయాణాన్ని పటంమీద గీసి చూడండి. మద్రాసు, తలశ్శేరి, లివోర్నో, ఫ్రాన్సు. కత్తులు దొరికే ఊళ్ళ వెంట కాదు, గురువులున్న ఊళ్ళ వెంట ఆమె నడిచింది.

లివోర్నో మన కాకినాడలాగా ఒక రేవుపట్నం. అక్కడ బెప్పె నాడి అనే గురువు వుండేవాడు. ఆయనకు ఎపే అంటే కిట్టదు, అది క్రమశిక్షణ లేని కత్తి అని. తన శాలలో దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. కొడుకులు నెడో, అల్డో ఆ కత్తి కోసం చాటుగా వేరేచోటికి పోయి సాధన చేసేవారట. ఆ పెద్ద కొడుకు నెడో నాడి 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్సులో అయిదు బంగారు పతకాలు గెలిచాడు. అందులో ఒకటి ఎపే జట్టుదే! తండ్రి చాదస్తం, కొడుకు దొంగచాటు సాధన రెండూ కలిసి ఆ ఊరికి పేరు తెచ్చినై. ఆ తరవాత 2004లో సేబర్ విజేత అయిన అల్డో మొంటానో కూడా ఆ ఊరివాడే.

చైనాదీ అదే కథ. లువాన్ జుజియే అనే అమ్మాయికి వెన్ గువోగాంగ్ అనే గురువు ఫాయిల్ నేర్పాడు. 1978లో మాడ్రిడ్ పోటీల్లో ఎదుటివారి కత్తి విరిగి చేతిలో దిగినా ఆమె ఆట ఆపకుండా రెండవ స్థానం తెచ్చుకొన్నది. 1984లో ఒలింపిక్ విజేత అయింది. సేబర్ నేర్పటానికి తరవాత ఆ దేశం ఫ్రాన్సునుంచి ఈ బావెర్‌నే పిలిపించుకొన్నది. 2008లో బీజింగ్‌లో ఝోంగ్ మాన్ బంగారు పతకం గెలిచాడు. లేని విద్యను తెచ్చుకోదలిస్తే ముందు గురువును తెచ్చుకోవాలని వాళ్ళకు తెలిసింది.

మనకు తెలియనిదా? కోడి రామమూర్తినాయుడుగారిని తలచుకోండి. గుండెమీద ఏనుగును ఎక్కించుకొన్న ఆ మహాబలుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశాడు. సర్కసు ఆ తరవాతి మాట. 1920లో హారీ బక్ అనే అమెరికను దొర మద్రాసులో వై. ఎం. సి. ఎ. వ్యాయామ కళాశాల స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్సుకు మన జట్టు వెంట వెళ్ళినవాడు కూడా ఆయనే. దక్షిణదేశపు బళ్ళకు డ్రిల్లు మాస్టర్లను తయారుచేసిన మూలస్థానం అది.

ఆ డ్రిల్లు మాస్టరును మనం ఏం చేశాం? మన పిల్లల బళ్ళలో ఆటల పీరియడ్ వస్తే లెక్కల మాస్టరుకు ఇచ్చేస్తున్నాం. చాలా బళ్ళలో మైదానమే లేదు. ఈ విషయంలో తల్లిదండ్రులం మనకూ పాపంలో వాటా వున్నది. ఆటల పీరియడ్‌లో లెక్కలు చెబుతారంటే సంతోషించి ఫీజు కట్టినవాళ్ళలో నేనూ వున్నాను.

మట్టిబొమ్మ చాలదు

ఈ సంగతులన్నీ మా బావగారికి ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. ఆయన చివరిదాకా విని, "కథ బాగానే వున్నది బావా! మరి మన పిల్లకు నేర్పేదెవరు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మన రాష్ట్రంలోనూ ఫెన్సింగు పోటీలు జరుగుతున్నాయి. కాని చెరువులమధ్య వున్న ఆ ఊరికి దగ్గరలో నేర్పేవారెవరో నాకు కనపడలేదు. "ఫోనులో చూసి నేర్చుకొంటున్నానులే మావయ్యా" అన్నది పిల్ల. పెరట్లో వెదురుకర్ర పట్టుకొని, కిటికీలో నిలబెట్టిన సెల్ ఫోను ముందు ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తోంది. ఏకలవ్యుడు గుర్తుకొచ్చాడు. మట్టిబొమ్మ నిన్ను చూడదు. నీ మోకాలు వంకరగా పడితే వంకర అని చెప్పదు.

మా అక్కయ్య అసలు భయం వేరు. "నేర్చుకొంటే నేర్చుకోనీ. కాని పదో తరగతి కాగానే ఎక్కడికో పంపాలంటావేమో తమ్ముడూ, నావల్ల కాదు" అని కళ్ళు తుడుచుకొన్నది. సామర్లకోటవారి ఆడబిడ్డను ఆ వయస్సులో తలశ్శేరికి పంపిన తల్లి ఎన్ని రాత్రులు నిద్ర మానుకొన్నదో నాకు ఆనాడు అర్థమయింది. దగ్గరలో గురువుంటే ఏ తల్లికీ ఆ కష్టం వుండదు గదా!

కిందటి నెలలో మళ్ళీ వెళ్ళాను. పిల్ల చదివే హైస్కూలు డ్రిల్లు మాస్టారు మా బావగారింటికి వచ్చి వున్నారు. నలభై దాటిన మనిషి, ఖోఖో ఆటలో నిధి. పిల్ల ఆయన వెంటపడి వేధించిందట. ఆయన నాతో అన్న మాట ఇది:

"మాస్టారూ, నాకు ఈ ఆట రాదండి. రాదని చెప్పటానికి మొదట సిగ్గేసింది. ఎక్కడైనా శిక్షణ ఇస్తే సెలవుల్లో వెళ్ళి నేర్చుకొంటాను. ఈ అమ్మాయికి కాకపోయినా దీని వెనక వచ్చే పిల్లలకయినా పనికొస్తుంది గదండీ!"

మా బావగారు ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరవాత గొంతు సవరించుకొని, "మాస్టారూ, మీ ప్రయాణం ఖర్చులు నావి. చెరువు ఫెన్సింగు ఇంకో ఏడాది ఆగుతుంది లెండి" అన్నారు.

మా మేనకోడలు ఒలింపిక్సుకు వెళుతుందని నేను అనుకోవటం లేదు. కాని మా కొల్లేటిగట్టున ఒక గరిడి మొదలవుతుందేమోనని మాత్రం ఆశ పుట్టింది. అక్కడ కత్తులింకా లేవు. వెదురుకర్రలున్నాయి. నేర్చుకొంటానన్న ఒక పిల్లా, నేర్చుకొని నేర్పుతానన్న ఒక పంతులూ వున్నారు.